నికొలాయ్ మాక్సిమోవ్

నికొలాయ్ అలెగ్జాండ్రోవిచ్ మాక్సిమోవ్ (మార్చి 21, 1880 - మే 9, 1952) రష్యాకు చెందిన సుప్రసిద్ధ వృక్ష శరీరధర్మ శాస్త్రవేత్త. చక్కెర ద్రావణంలో ఉంచిన వృక్షకణాలు గడ్డకట్టే చలిని తట్టుకొని బ్రతకగలవని ప్రయోగపూర్వకంగా చూపిన తొలితరం పరిశోధకులలో ఈయన ముఖ్యుడు.

జీవిత విశేషాలు

మాక్సిమోవ్ సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో జన్మించాడు. అక్కడి విశ్వవిద్యాలయం నుండి 1902లో పట్టభద్రుడయ్యాడు. 1914 నుండి కొంతకాలం తిఫ్లిస్ (నేటి త్బిలిసి) వృక్షోద్యానవనంలో పనిచేస్తూ, మొక్కలు నీటి ఎద్దడిని తట్టుకొనే తీరును పరిశీలించాడు. తరువాత లెనిన్‌గ్రాడ్‌లో నికొలాయ్ వావిలోవ్ నడిపిన సంస్థలో శరీరధర్మ శాస్త్ర విభాగానికి అధిపతి అయ్యాడు. 1927లో వెలువడిన ఈయన పాఠ్యగ్రంథం అనేక ముద్రణలు పొందింది.

చలిపై పరిశోధనలు

మొక్కను చంపేది కేవలం చలి కాదని, కణజాలంలో ఏర్పడే మంచు అని మాక్సిమోవ్ వివరించాడు. మంచు ముందుగా కణాల మధ్య ఖాళీలలో ఏర్పడి, కణంలోని నీటిని బయటకు లాగుతుంది. నీరు కోల్పోయిన జీవపదార్థం దెబ్బతింటుంది.

ఈయన ఎర్ర క్యాబేజీ పలుచని ముక్కలను వివిధ ద్రావణాలలో ఉంచి గడ్డకట్టించాడు. మామూలు నీటిలోని కణాలు సున్నాకు కొద్ది డిగ్రీల దిగువనే చనిపోగా, చక్కెర లేదా గ్లిజరిన్ ద్రావణాలలోనివి ఇంకా తక్కువ ఉష్ణోగ్రత వద్ద కూడా జీవించాయి. కిలో నీటిలో 342 గ్రాముల చక్కెర కరిగిస్తే ఘనీభవన స్థానం సుమారు 1.86 డిగ్రీలు మాత్రమే తగ్గుతుంది. కణాలకు లభించిన రక్షణ అంతకంటే ఎక్కువ. కనుక చక్కెర జీవపదార్థాన్నే కాపాడుతున్నదని ఈయన భావించాడు. ఈ ఫలితాలు 1912లో జర్మన్ భాషలో ప్రచురితమయ్యాయి.

నిర్బంధం, చివరి దశ

1933లో సోవియట్ ప్రభుత్వం మాక్సిమోవ్‌ను నిర్బంధించి సరాతోవ్ నగరానికి పంపివేసింది. ఈయన అక్కడి విశ్వవిద్యాలయంలో బోధన కొనసాగించాడు. అదే నగరంలోని చెరసాలలో 1943లో వావిలోవ్ మరణించాడు. మాక్సిమోవ్ మాత్రం తిరిగి మాస్కో చేరుకొని, 1946లో సోవియట్ విజ్ఞాన అకాడమీ పూర్తి సభ్యుడయ్యాడు. తిమిర్యాజెవ్ వృక్ష శరీరధర్మ శాస్త్ర సంస్థకు సంచాలకుడిగా పనిచేస్తూ మాస్కోలో మరణించాడు.

ప్రాముఖ్యత

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యునిధిలో జొన్న, కంది వంటి పంటల విత్తనాలను ఆరబెట్టి -20 డిగ్రీల వద్ద భద్రపరుస్తారు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో పండే పసుపును మాత్రం విత్తనంతో కాక కొమ్ములతో నాటుతారు. ఇటువంటి పంటల రకాలను దీర్ఘకాలం కాపాడాలంటే వాటి మొగ్గల కొనలను -196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచడం ఒక మార్గం. అందుకు ముందుగా ఆ కొనలను గాఢమైన చక్కెర మాధ్యమంలో పెంచడం నేటి ప్రయోగశాలలలో సాధారణ పద్ధతి.