నిరాయుధుడై అడవికి... గోపీనాథం గుండెల్లో గోదావరి బిడ్డ

వీరప్పన్ చేతిలో బలైన అటవీ అధికారి పందిళ్లపల్లి శ్రీనివాస్ జీవితగాథ

రాజమహేంద్రవరం: కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల్లో కావేరి నదికి చేరువలో ఉన్న గోపీనాథం గ్రామం చందనపు దొంగ వీరప్పన్ పుట్టిన ఊరుగా దేశమంతటికీ తెలుసు. ఆ ఊరి మారియమ్మ గుడిలో దేవతామూర్తుల సరసన ఒక అటవీ అధికారి చిత్రపటం కూడా పూజలందుకుంటున్న సంగతి తెలిసినవారు తక్కువ. ఆ అధికారి ఆ ప్రాంతంవారు కారు. గోదావరి తీరాన రాజమండ్రిలో పుట్టిన తెలుగువారు. పేరు పందిళ్లపల్లి శ్రీనివాస్. వీరప్పన్ కోసం ఆ ఊళ్లో అడుగుపెట్టి, ఆ ఊరికే ఆత్మబంధువై, చివరకు 1991 నవంబరు 10న వీరప్పన్ చేతిలోనే ప్రాణాలు కోల్పోయారు. ఆయన నమ్ముకున్న పద్ధతి మాత్రం అటవీ రక్షకులకు నేటికీ ఒక పాఠంగా, ఒక ప్రశ్నగా నిలిచే ఉంది.

రాజమండ్రి నుంచి అడవి బాట

శ్రీనివాస్ 1954 సెప్టెంబరు 12న జన్మించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చదివారు. 1979లో భారత అటవీ సర్వీసుకు ఎంపికై కర్ణాటకలో ఉద్యోగ బాధ్యతలు చేపట్టారు. పశ్చిమ కనుమలు, తూర్పు కనుమలు కలుసుకునే చామరాజనగర్ అడవులు ఆయనకు కార్యక్షేత్రమయ్యాయి. అప్పట్లో ఆ ప్రాంతమంతా మైసూరు జిల్లాలో భాగం. చామరాజనగర్ ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది 1997లోనే.

పైకి ప్రశాంతంగా కనిపించే అటవీ అధికారి కొలువులో పోలీసు పని కూడా ఇమిడి ఉంటుంది. 1963 నాటి కర్ణాటక అటవీ చట్టం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అటవీ అధికారులకు సోదా చేసే, సరుకు స్వాధీనం చేసుకునే, నిందితులను అరెస్టు చేసే అధికారాలు కట్టబెట్టాయి. బీటులో తిరిగే గార్డు, సెక్షన్ చూసే ఫారెస్టరు, వారిపై రేంజరు, ఆపైన డివిజన్ అధికారి... కార్చిచ్చు రేగినా, ఏనుగు పొలాల మీద పడినా, గొడ్డలి చప్పుడు వినిపించినా మొదట పరుగెత్తవలసింది వీరే. అప్పట్లో చాలామంది సిబ్బంది చేతిలో కర్రకు మించిన ఆయుధం ఉండేది కాదు. ఎదుట నిలిచే ముఠాల చేతుల్లో మాత్రం తుపాకులు ఉండేవి.

చందనం, దంతం... రెండింటి వేట

వీరప్పన్ కన్ను పడినవి రెండు: ఏనుగు దంతాలు, శ్రీగంధపు చెక్క. ఆసియా ఏనుగుల్లో మగవాటికే పొడవైన దంతాలుంటాయి. వాటిని ఏరి చంపడంతో దక్షిణాది అడవుల్లో మగ ఏనుగుల సంఖ్య క్షీణించి, మందల సమతూకమే దెబ్బతిన్నది. శ్రీగంధం చెట్టులో పరిమళమంతా చేవలోను, వేళ్లలోను ఉంటుంది. అందుకే దొంగలు చెట్టును కొట్టి వదిలిపెట్టరు, కూకటివేళ్లతో పెకలించుకుపోతారు. పైగా కర్ణాటకలో 2001లో చట్టాన్ని సవరించేదాకా సొంత పొలంలో మొలిచిన గంధపు చెట్టుపై కూడా రైతుకు హక్కు లేదు. అది సర్కారు సొత్తు. చెట్టు ఉంటే తమకు ఒరిగేదేమీ లేనప్పుడు కాపాడుకోవాలన్న తపన పల్లెల్లో ఎలా పుడుతుంది? చెట్టు నరికితే కూలి ఇచ్చేవాడు వీరప్పన్. కూలి ముట్టినవారు నోరు విప్పరు. విప్పితే ప్రాణం దక్కదు. అతని బలగమంతా ఈ ఆశలోను, ఈ భయంలోను ఉండేది.

1986లో వీరప్పన్‌ను నిర్బంధించడంలో శ్రీనివాస్ ముఖ్యపాత్ర వహించారు. చిక్కినవాడు చిక్కినట్టే బూదిపడగ అటవీ విశ్రాంతి గృహం నుంచి తప్పించుకున్నాడు. ఆ తరువాత అతని దారి మరింత నెత్తుటిమయమైంది. 1987లో తమిళనాడుకు చెందిన ఒక అటవీ అధికారిని అపహరించి హతమార్చాడు. 1990లో గోపీనాథం పరిసరాల్లోనే పోలీసు అధికారులను పొట్టనపెట్టుకున్నాడు. దాంతో రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు ప్రత్యేక కార్యదళాలను రంగంలోకి దించాయి. ఆ అడవుల ఆనుపానులు తెలిసిన శ్రీనివాస్ అటవీ శాఖ పక్షాన మళ్లీ ఆ కొండల బాట పట్టారు.

ఊరిని గెలిచిన అధికారి

శ్రీనివాస్ ఎంచుకున్న మార్గం వేరు. ఆయన గోపీనాథంలోనే మకాం వేశారు. దొంగ పుట్టిన ఊరు గనుక ఊరంతా దొంగలేనన్న అనుమానపు చూపు నడుమ, ఆ ఊరివారి కష్టమేమిటో తెలుసుకోవడానికి పూనుకున్నారు. వైద్యం అందని పల్లెలకు సంచార వైద్యశాలను నడిపించారు. తాగునీటి వసతి, రోడ్డు, పేదలకు ఇళ్లు సమకూరేలా చూశారు. గ్రామస్థులు కొలిచే మారియమ్మకు తన సొంత సొమ్ము వెచ్చించి గుడి కట్టించారు. ఖాకీ దుస్తులు కనిపిస్తే తలుపులు మూసుకునే ఊళ్లో ఆయన జీపు చప్పుడు వినిపిస్తే జనం ఎదురొచ్చే రోజులు వచ్చాయి.

ఇదంతా ధర్మకార్యమే అయినా, అందులో నేర పరిశోధన పాఠం కూడా ఉంది. అడవిలో దాగిన ముఠాకు బియ్యం, ఉప్పు, మందులు, కబుర్లు చేరేది ఊరి నుంచే. కూలి కోసం దొంగ వెంట నడిచేవాడికి ఊళ్లోనే బతుకుతెరువు దొరికితే ముఠాకు మనుషులు దొరకరు. కేసులకు భయపడి అడవిలోనే మిగిలిపోయినవాడికి చట్టబద్ధంగా తిరిగివచ్చే దారి చూపితే ముఠా చీలిపోతుంది. శ్రీనివాస్ ఆ దారే చూపారు. ఆయన మాట మీద నమ్మకంతో వీరప్పన్ అనుచరుల్లో పలువురు లొంగిపోయారు. వీరప్పన్ సోదరుడు అర్జునన్ సైతం ఆయనకు చేరువయ్యాడు. తుపాకీ పేలకుండానే ముఠా పలచబడసాగింది. ఊరు చేయి జారిపోవడం వీరప్పన్‌కు ఏ తూటా కన్నా పెద్ద దెబ్బ.

ఆ చివరి ప్రయాణం

1991 నవంబరులో కబురు వచ్చింది. వీరప్పన్ లొంగిపోవడానికి సిద్ధంగా ఉన్నాడని, అయితే శ్రీనివాస్ ఆయుధం లేకుండా రావాలని దాని సారాంశం. కబురు తెచ్చినవాడు అర్జునన్. శ్రీనివాస్ కదిలారు. వెంట సాయుధ బలగం లేదు. అర్జునన్‌తో పాటు కొద్దిమందితో అడవిలో కాలినడకన సాగారు. నామదళ్లి అడవిలో ఎరకెయం ప్రాంతానికి చేరేసరికి పొంచి ఉన్న ముఠా తూటాలు కురిపించింది. కుప్పకూలిన శ్రీనివాస్ శిరస్సును వీరప్పన్ ఖండించి తీసుకుపోయాడు. ఆ శిరస్సు ఆచూకీ దొరకడానికి సుమారు మూడేళ్లు పట్టింది. మరణించేనాటికి శ్రీనివాస్ వయసు 37 ఏళ్లు.

ఏ ధైర్యంతో ఆయన అలా వెళ్లారన్న ప్రశ్న అప్పటి నుంచీ వినవస్తూనే ఉంది. నేటి కొలమానాలతో చూస్తే అంగరక్షణ లేకుండా, శత్రువు చెప్పిన చోటికి, శత్రువు సోదరుని వెంట వెళ్లడం పొరపాటే. శిక్షణ పొందే ఏ అధికారికీ ఎవరూ అలా వెళ్లమని చెప్పరు. కానీ అంతకుముందు లొంగిపోయిన ప్రతివాడూ ఆయనను నమ్మే వచ్చాడు. తమను నమ్మమని ఊరిని అడిగిన అధికారి, తన వంతు వచ్చినప్పుడు వెనుకాడలేకపోయారు. ఊరిని గెలిపించిన గుణమే ఆయనను ఎరకెయం దాకా నడిపించింది. ఈ రెండింటిని విడదీసి చూడటం సాధ్యం కాదు.

తరువాత పదమూడేళ్లు

భారత ప్రభుత్వం 1992లో శ్రీనివాస్‌కు మరణానంతరం కీర్తిచక్ర ప్రకటించింది. శాంతికాలపు సాహస పురస్కారాల్లో అశోకచక్ర తరువాతి స్థానం దీనిదే. వీరప్పన్ మాత్రం మరో పదమూడేళ్లు అడవిని ఏలాడు. 1992 ఆగస్టులో ఎస్పీ హరికృష్ణ, ఎస్సై షకీల్ అహ్మద్ సహా పలువురు పోలీసులు అతని పన్నాగానికి బలయ్యారు. 1993 ఏప్రిల్ 9న పాలారు వద్ద మందుపాతర పేలి 22 మంది మరణించారు. 2000లో కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ను అపహరించి 108 రోజులు చెరలో ఉంచాడు. చివరకు 2004 అక్టోబరు 18న తమిళనాడు ధర్మపురి జిల్లా పాప్పారపట్టి వద్ద కార్యదళం కాల్పుల్లో హతమయ్యాడు.

ఆ పదమూడేళ్లలో పల్లెలు రెండు వైపులా నలిగాయి. దొంగకు అన్నం పెట్టారని కార్యదళాలు, కబురు చెప్పారని దొంగ. కార్యదళాల చేతిలో గ్రామీణులు, గిరిజనులు చిత్రహింసలకు గురయ్యారన్న ఫిర్యాదులపై విచారణకు జాతీయ మానవ హక్కుల సంఘం 1999లో జస్టిస్ సదాశివ నేతృత్వంలో ఒక సంఘాన్ని నియమించింది. బాధితులకు పరిహారం చెల్లించాలని 2007లో సిఫార్సు చేసింది. అదే కొండల్లో అంతకుముందు ఒక అధికారి మందులతో, మంచినీటితో ఊరిని తన వైపు తిప్పుకున్నారన్న సంగతి ఈ నేపథ్యంలో మరింత విలువను సంతరించుకుంటుంది.

మన అడవులకూ అదే పాఠం

అటవీ సిబ్బంది నెత్తురు చిందడం వీరప్పన్‌తో ఆగలేదు. 2013 డిసెంబరులో శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కూలీలను అడ్డుకోబోయిన ఇద్దరు అటవీ అధికారులు దారుణహత్యకు గురయ్యారు. 2022 నవంబరులో తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు వివాదం ఒక రేంజరు ప్రాణం తీసింది. విధి నిర్వహణలో అసువులు బాసిన వారి స్మరణకు 2013 నుంచి దేశమంతటా సెప్టెంబరు 11న అటవీ అమరవీరుల దినం పాటిస్తున్నారు. 1730లో రాజస్థాన్‌లోని ఖేజర్లీలో చెట్లను కావలించుకుని ప్రాణాలిచ్చిన బిష్ణోయీల త్యాగానికి గుర్తు ఆ తేదీ. శ్రీనివాస్ పుట్టినరోజు ఆ మరునాడే.

రాష్ట్ర అటవీ అకాడమీ నేడు శ్రీనివాస్ పుట్టిన రాజమహేంద్రవరంలోనే ఉంది. ఎగువన గోదావరికి ఇరువైపులా 2008లో ప్రకటితమైన పాపికొండల జాతీయ ఉద్యానం, దాని ఒడిలో గిరిజన గూడేలు ఉన్నాయి. అక్కడ బీటుకు వెళ్లే యువ ఉద్యోగికి చట్టం ఇచ్చిన అధికారాలు శ్రీనివాస్ నాటివే. ఆయుధం, వైర్‌లెస్, తోడుగా బలగం ఉండి తీరాలన్నది ఆయన మరణం నేర్పిన పాఠం. గూడెం తోడు లేకపోతే అవన్నీ ఉన్నా అడవి నిలవదన్నది ఆయన జీవితం నేర్పిన పాఠం.

గోపీనాథం వాసులు ఈ రెండో పాఠాన్ని మరిచిపోలేదు. తమ ఊరి మనిషి చంపిన పరాయి ఊరి మనిషిని వారు తమవాడిగా చేసుకున్నారు. ఆయన కట్టించిన గుడిలోనే ఆయన పటానికి పూలు పెడుతున్నారు.