ఎక్స్-వై లైన్ వెనక మనిషి

ఫస్టియర్‌లో ఇంజినీరింగ్ డ్రాయింగ్‌ని తిట్టుకోనివాళ్లు మనలో తక్కువే. ఆ తిట్లన్నీ చేరాల్సిన చిరునామా గాస్పార్ మాంజ్. 1746లో ఫ్రాన్స్‌లోని బోన్ ఊళ్లో ఓ చిన్న వ్యాపారి ఇంట పుట్టాడు. కుర్రతనంలోనే పరికరాలు సొంతంగా చేసుకుని ఊరి ప్లాన్ గీశాడు. అది చూసిన ఒక అధికారి మెజియేర్ సైనిక స్కూలుకి పంపించాడు. అయితే ఆఫీసర్ల క్లాసులు పెద్దింటి పిల్లలకే! మాంజ్‌కి దక్కింది బొమ్మలు గీసే, ప్లాస్టర్ నమూనాలు చేసే పని.

అక్కడ ఒకసారి కోట ప్లాన్ ఇచ్చారు. శత్రువు ఎక్కణ్ణుంచి కాల్చినా లోపలివాళ్లకి తగలకూడదు, గోడ ఎంత ఎత్తుండాలి? అందరూ బోలెడంత అంకగణితం చేసేవాళ్లు. మాంజ్ గీతలతో తేల్చేశాడు. ఇంత త్వరగా ఎలా అవుతుందని పై అధికారి ముందు చూడనే లేదట. చూశాక మాత్రం దాన్ని సైనిక రహస్యం చేసేశారు. మాంజ్ అక్కడే మాస్టారయ్యాడు.

ఆ రహస్యం మనకి తెలిసిందే. వస్తువుని ముందు నుంచి చూసి వీపీ మీద, పైనుంచి చూసి హెచ్‌పీ మీద దించాలి. తర్వాత అట్టపెట్టె మడత విప్పినట్టు రెండిటినీ ఒకే కాగితం మీద పరవాలి. మిగిలిన మడతే ఎక్స్-వై లైన్. కష్టమంతా ఆ రెండు బొమ్మల్నుంచి వస్తువుని మళ్లీ బుర్రలో నిలబెట్టడంలో ఉంది.

ఇప్పుడు ఆ శక్తిని కొలిచే టెస్టులున్నాయి. పర్డ్యూ టెస్టులో ఒక వస్తువు ఎలా తిరిగిందో చూపిస్తారు. ఇంకోటి అలాగే తిరిగితే ఎలా ఉంటుందో ఐదు బొమ్మల్లో పట్టుకోవాలి. 30 ప్రశ్నలు. స్కోరు తక్కువొస్తే 'నాకు విజువలైజేషన్ రాదు' అని ముద్రేసుకునేవాళ్లని చూస్తే నాకు చిరాకు. సాధనతో ఆ స్కోరు పెరుగుతుందని పరిశోధనలు చెప్తున్నాయి. మాంజ్ దీన్ని వరంలా చూడలేదు, కోర్సుగా పెట్టాడు. విప్లవం తర్వాత 1795లో పారిస్‌లో రహస్యం విప్పి పాఠాలు చెప్పాడు. 1794లో పుట్టిన ఎకోల్ పాలిటెక్నిక్ వెనకా ఆయన ఉన్నాడు.

నెపోలియన్‌తో ఈజిప్టు దాకా వెళ్లిన స్నేహం చివర్లో మెడకి చుట్టుకుంది. 1816లో కొత్త ప్రభుత్వం అకాడెమీ నుంచి తీసేసింది. 1818లో పోయాడు. అంత్యక్రియలకి పాలిటెక్నిక్ విద్యార్థుల్ని వెళ్లనివ్వలేదు. తర్వాత సెలవు దొరగ్గానే వాళ్లు సమాధి దగ్గరికెళ్లి పూలదండ పెట్టొచ్చారు.