పదవి పోయినా పని ఆగలేదు



పండుగ పూట పాయసం ముట్టని తాతయ్య, భోజనానికి ముందు ఇన్సులిన్ సూది వేసుకునే అమ్మమ్మ మన కుటుంబాలకు కొత్త కాదు. ఈ చక్కెర వ్యాధి గుట్టు విప్పిన వారిలో ఒకరు డాక్టర్ బెర్నార్డో హుస్సే. ఆయన జీవితాన్ని మన పిల్లలు తెలుసుకోవాలి.

హుస్సే 1887 ఏప్రిల్ 10న అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో జన్మించారు. తల్లిదండ్రులు ఫ్రాన్స్ నుండి వచ్చి స్థిరపడినవారు. పధ్నాలుగేళ్ళకే ఫార్మసీ చదువులో చేరి, పదిహేడేళ్ళకు పట్టా పుచ్చుకున్నారు. తరువాత వైద్యవిద్య పూర్తిచేసి 1919లో బ్యూనస్ ఎయిర్స్ వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్ర ఆచార్యులయ్యారు.

1921లో కెనడాలో ఇన్సులిన్ కనుగొన్నారు. క్లోమ గ్రంథి ఇన్సులిన్ ఇవ్వకపోతే రక్తంలో చక్కెర పెరుగుతుందని లోకానికి అర్థమైంది. అయితే కథ అంతటితో ముగియలేదని హుస్సే చూపించారు. మెదడు అడుగున బఠాణీ గింజంత పీయూష గ్రంథి ఉంటుంది. దానిని తొలగించిన కుక్కలకు కొద్దిపాటి ఇన్సులిన్ ఇచ్చినా చక్కెర ప్రమాదకరంగా పడిపోయేది. క్లోమాన్ని తీసివేస్తే తీవ్రమైన మధుమేహం రావాలి. కాని పీయూష గ్రంథిని కూడా తీసివేస్తే ఆ వ్యాధి చాలా తేలికపడింది. పీయూష గ్రంథి ముందు భాగపు సారాన్ని ఎక్కిస్తే, ఆరోగ్యంగా ఉన్న జంతువుకు సైతం మధుమేహం వచ్చింది. ఖరీదైన జంతువులతోనే కాదు, తమ దేశంలో విరివిగా దొరికే కప్పలతోనూ ఆయన ఈ పరిశోధనలు చేశారు.

దీనివల్ల తేలిందేమిటి? ఒక హార్మోను చక్కెరను తగ్గిస్తే, మరొకటి పెంచుతుంది. తక్కెడలో రెండు సిబ్బెలూ సమంగా నిలిచినట్టు, ఈ హార్మోన్లు ఒకదానినొకటి అదుపు చేసుకున్నప్పుడే శరీరం ఆరోగ్యంగా ఉంటుంది. మధుమేహం ఒక్క గ్రంథి లోపం మాత్రమే కాదని, గ్రంథులన్నిటి పొందికకు సంబంధించినదని వైద్యులు గ్రహించారు.

ఇంతలో పరీక్ష వచ్చింది. 1943లో అర్జెంటీనాలో సైనిక ప్రభుత్వం అధికారంలో ఉంది. రాజ్యాంగబద్ధమైన ప్రజాస్వామ్యం కావాలని కోరుతూ పలువురు ప్రముఖులు విడుదల చేసిన ప్రకటనపై హుస్సే కూడా సంతకం చేశారు. ఆ ఒక్క సంతకానికి ఆయనను ఉద్యోగం నుండి తొలగించారు. అప్పటికి ఆయన వయస్సు 56 ఏళ్ళు. ఇరవై నాలుగేళ్ళుగా కట్టిన పరిశోధనాలయం ఒక్కరోజులో పరాయిదైంది. విదేశాల నుండి ఆహ్వానాలు వచ్చాయి. ఆయన వెళ్ళలేదు. దాతల సొమ్ముతో 1944లో అదే నగరంలో, ఒక మామూలు ఇంట్లో కొత్త పరిశోధనా సంస్థ తెరిచారు. శిష్యులు కొందరు ఆయన వెంట నడిచారు. 1945లో ఉద్యోగం తిరిగి ఇచ్చినా, మరుసటి ఏడే మళ్ళీ తప్పించారు. ఆయన పని మాత్రం ఆగలేదు.

1947లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం ఆయనకు, మిగతా సగం కార్ల్, గెర్టీ కోరి దంపతులకు లభించింది. విజ్ఞానశాస్త్రాలలో నోబెల్ అందుకున్న మొదటి లాటిన్ అమెరికన్ ఆయనే. తన విశ్వవిద్యాలయం గెంటివేసిన మనిషిని లోకం పిలిచి గౌరవించింది!

1955లో ప్రభుత్వం మారాక ఆయన తిరిగి విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టారు. 1958లో ఏర్పడిన జాతీయ పరిశోధనా మండలికి మొదటి అధ్యక్షులయ్యారు. ఆయన శిష్యుడు లూయిస్ లెలోయిర్ 1970లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. శిష్యుని గెలుపును కళ్ళారా చూసి, 1971 సెప్టెంబర్ 21న తన 84వ ఏట హుస్సే కన్నుమూశారు. ఆయన పుట్టినరోజును అర్జెంటీనాలో శాస్త్ర పరిశోధకుల దినంగా జరుపుకుంటారు.

తల్లిదండ్రులారా, మన పిల్లలకు మంచి ఉద్యోగం రావాలని కోరుకోవడం తప్పు కాదు. కాని ఉద్యోగం పోయిన రోజున కూడా నిలిచి ఉండే మనస్సాక్షిని, పనిపై ప్రేమను వారికి నేర్పుతున్నామా? ఈ వారం భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు హుస్సే కథ వారికి చెప్పండి.