బ్రౌన్ దొర లెక్కపెట్టిన అక్షరాలు

తెలుగుని ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అంటారని మనందరం వినే ఉంటాం. రెండు భాషల్లోనూ మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. కానీ ఇటాలియన్‌లో విశేషణం లింగాన్ని బట్టి బెల్లో, బెల్లా అని మారుతుంది. మనకి అబ్బాయైనా అమ్మాయైనా ‘మంచి’ మారదు. మరి ఇలాంటి తెలుగుని పరాయివాడిగా వచ్చి, అక్షరం అక్షరం విడగొట్టి నేర్చుకున్న మనిషి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

ఆయన 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టారు. 1817లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగానికి మద్రాసు వచ్చేసరికి వయసు 18. అంటే మన ఫస్టియర్ వయసు! తెలుగు అప్పుడే మొదలుపెట్టారు. 1820లో కడపకి వెళ్లారు. తర్వాత వేమన పద్యాల మీద మనసు పడింది.

అయితే తాళపత్ర ప్రతుల్లో ఒకే పద్యం ఒక్కోచోట ఒక్కోలా ఉండేది. ఏది సరైనది? ఇక్కడే ఛందస్సు పనికొస్తుంది. ‘తెల్ల’ అంటే గురువు, లఘువు. ‘తెల్లని’ అంటే గురువు, రెండు లఘువులు, అంటే భగణం. ‘తెల్లనైన’ ఇంకా పొడుగు. అర్థం ఒకటే, కానీ ఒకదాని చోట ఇంకోటి రాస్తే గణం తప్పుతుంది, రాసినవాడి పొరపాటు బయటపడుతుంది. మన సీఎస్ఈ భాషలో చెప్పాలంటే పారిటీ బిట్ అన్నమాట.

బ్రౌన్ 1827లో ఛందస్సు మీద ఇంగ్లిష్‌లో పుస్తకం వేశారు. 1829లో వేమన పద్యాలు అనువాదంతో సహా అచ్చయ్యాయి. కడప బంగళాలో జూలూరి అప్పయ్య లాంటి పండితులకి సొంత డబ్బుతో జీతాలిచ్చి, ప్రతులు పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించారు. అందుకోసం అప్పులు కూడా చేశారు.

1840లో వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు వచ్చాయి. పండితుల మాటలతో పాటు జనం మాటలకీ అందులో చోటుంది. చాలాచోట్ల నామవాచకం కిందే దాని విశేషణం కూడా ఉంటుంది. అందం ఉంటే ‘అయిన’ చేరి అందమైన అవుతుంది, ‘లేని’ చేరితే అందంలేని అవుతుంది. కొత్త మాట పుట్టే పద్ధతి కళ్లముందే కనిపిస్తుంది.

తర్వాత లండన్ వెళ్లి, అక్కడ యూనివర్సిటీలో తెలుగు ప్రొఫెసర్‌గా పనిచేశారు. 1884 డిసెంబర్ 12న చనిపోయారు.

సికింద్రాబాద్ నుంచి ట్యాంక్‌బండ్ మీదుగా వెళ్తుంటే వేమన విగ్రహం కనిపిస్తుంది. ఆ పద్యాలు అచ్చులోకి రావడం వెనక, పద్దెనిమిదేళ్లకి ‘అ ఆ’లు దిద్దిన ఒక కుర్రాడున్నాడు. ఇంగ్లిష్ మీడియంలో చదివాం, తెలుగు ఇక మనకి రాదులే అనుకునేవాళ్లు ఆయన నిఘంటువు ఒక్కసారి తెరవండి. ఇప్పుడది ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతోంది.