జెట్ ఇంజను నిర్మాత ఫ్రాంక్ విటిల్

ఢిల్లీలో పాలం, ద్వారక ప్రాంతములందు నివసించువారికి జెట్ విమానముల ఘోష నిత్యపరిచితము. ఆ ఘోషకు మూలమైన ఇంజనులో నిప్పు ఎట్లు రగులునో, రగిలిన నిప్పు ఎట్లు అదుపులో నుండునో తలపోయువారు అరుదు. ఆ నిప్పును లొంగదీయుటకై తన యౌవనమును, ఆరోగ్యమును ధారపోసినవాడు సర్ ఫ్రాంక్ విటిల్.

విటిల్ 1907 జూన్ 1వ తేదీన ఇంగ్లండులోని కావెంట్రీ పట్టణమున ఒక మెకానిక్కు ఇంట జన్మించెను. తండ్రి నడుపుచుండిన చిన్న కార్ఖానాలో బాల్యముననే యంత్రములపై పని నేర్చెను. వైమానిక దళమున అప్రెంటిసుగా చేరగోరిన బాలుని పొట్టివాడన్న కారణమున త్రిప్పి పంపివేసిరి. అతడు వ్యాయామముచే దేహమును పెంచుకొని, పట్టువదలక యత్నించి 1923లో చేరెను. అచట చూపిన ప్రతిభవలన క్రాన్‌వెల్ కళాశాలలో అధికారి శిక్షణ లభించెను.

ఆనాటి విమానములు పిస్టన్ ఇంజనులతో, ప్రొపెల్లరులతో నడచుచుండెను. పైకి పోయినకొలది గాలి పలుచబడుటచే అవి నీరసించుచుండెను. గాలిని లోనికి పీల్చి, గట్టిగా నొక్కి, దానిలో ఇంధనమును మండించి, ఆ వేడి వాయువులచే టర్బైనును త్రిప్పి, వానిని మహావేగముతో వెనుకకు వెడలించినచో విమానము ముందునకు దూసికొనిపోవునని 1929లో విటిల్ ఊహించెను. అప్పటికి అతనికి ఇరువదిరెండేండ్లు. వైమానిక మంత్రిత్వశాఖ నిపుణులు ఇది ఆచరణసాధ్యము కాదని తేల్చిరి.

విటిల్ 1930 జనవరిలో పేటెంటునకు దరఖాస్తు చేసెను. 1935లో ఆ పేటెంటును నిలుపుకొనుటకు 5 పౌనుల రుసుము చెల్లింపవలసివచ్చెను. ప్రభుత్వము చెల్లించుటకు అంగీకరింపలేదు. ఇద్దరు బిడ్డల తండ్రియైన చిన్న అధికారికి ఆ సొమ్మును భారమే. పేటెంటు చెల్లిపోయెను. ఫైలుపై వ్రాయు ఒక చిన్న నిరాకరణ ఎంత దూరము పోగలదో కార్యాలయములందు పనిచేయువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

మరుసటి సంవత్సరము పూర్వమిత్రులిద్దరు కల్పించిన ప్రోత్సాహముతో పవర్ జెట్స్ అను కంపెనీ ఏర్పడెను. రగ్బీ పట్టణములోని ఒక పెద్ద కార్ఖానాలో తొలి ఇంజను తయారయ్యెను.

గ్యాస్ టర్బైను తనంత తాను కదలదు. నొక్కబడిన గాలి లేనిదే నిప్పు చక్కగా నిలువదు. నిప్పు లేనిదే గాలిని నొక్కు చక్రము తిరుగదు. కావున మొదట పరాయి శక్తి దానిని త్రిప్పవలెను. 1937 ఏప్రిల్ 12వ తేదీన విటిల్ ఎలక్ట్రిక్ మోటారుచే ఇంజనును త్రిప్పించి, కొంచెము ఇంధనమును చిమ్మించి, స్పార్కుతో వెలిగించెను. చిన్న కిటికీగుండ చూడగా మంట నిలిచియుండెను. వేగము నిమిషమునకు 2,000 చుట్లు చేరినపిదప ప్రధాన వాల్వును తెరచెను. అంతట ఇంజను కీచుమని అరచుచు విజృంభించెను. దహనపేటిక అచ్చటచ్చట ఎర్రగా కాలెను. చుట్టునున్నవారు పరుగిడిరి. విటిల్ మాత్రము కదలక వాల్వును బిగించెను. అయినను వేగము తగ్గక 8,000 చుట్ల వరకు పోయి, అటుపిమ్మట మెల్లగా శాంతించెను. తరువాతి ప్రయత్నమునను అట్లే జరిగెను.

వెదకగా కారణము తెలిసెను. వెలిగించుటకు పూర్వమే కారిన ఇంధనము పేటిక అడుగున మడుగు కట్టియుండెను. వాల్వు మూసినను ఆ మడుగు మండుచునే యుండెను. అది వెలికి పోవుటకు ఒక గొట్టమును అమర్చుటతో ఆ చిక్కు తీరెను. అయినను మంటను సమముగ, నిలుకడగ మండించుట మరి మూడేండ్లు బాధించెను. ఇంధనమును సన్నని తుంపరగా చిమ్ము సాధనమును 1940లో ఐజక్ లబ్బక్ సమకూర్చుటతో ఆ బాధయు చాలవరకు తొలగెను. జర్మనీలో ఇదే యత్నములోనున్న హాన్స్ ఫాన్ ఒహైన్ సులభముగ మండు హైడ్రొజనుతో తన తొలి ఇంజనును నడిపి, 1939లోనే జెట్ విమానమును ఎగురవేయించగలిగెను. విటిల్ ఇంజను అమర్చిన విమానము 1941 మే 15వ తేదీన క్రాన్‌వెల్‌లో 17 నిమిషములు ఎగిరెను.

విజయము వచ్చెను గాని శరీరము అలసెను. నరముల బలహీనత ఆయనను పలుమారు ఆసుపత్రి పాలుచేసెను. 1944లో కంపెనీ ప్రభుత్వపరమయ్యెను. 1948లో ఎయిర్ కమొడోరుగా పదవీ విరమణచేసిన ఆయనకు సర్ బిరుదమును, లక్ష పౌనుల పారితోషికమును లభించెను. ఒకనాడు 5 పౌనులకు వెనుదీసిన ప్రభుత్వమే ఆ లక్షను ఇచ్చెను. ఉత్తరవయస్సున అమెరికాలో స్థిరపడి, అచటనే 1996 ఆగస్టులో కన్నుమూసెను.

ఆ 1948లోనే భారత వైమానిక దళమునకు తొలి జెట్ విమానములైన వాంపైరులు వచ్చెను. వానిలోని గాబ్లిన్ ఇంజనును రూపొందించినవారు వేరైనను, గాలిని నొక్కు పద్ధతి విటిల్ త్రొక్కిన బాటలోనిదే. పాలములోని వైమానిక దళ సంగ్రహాలయమున వాంపైరును చూడవచ్చును.

నేడు ఢిల్లీ విమానాశ్రయమునుండి బయలుదేరు పెక్కు పెద్ద విమానములలో తోకయందలి చిన్న టర్బైను పంపు గాలి పెద్ద ఇంజనును త్రిప్పును. తగిన వేగమున నిప్పురవ్వలు రాలును, ఇంధనము చిమ్మును, మంట అంటుకొనును. ఇంజను తన బలముతో తాను తిరుగజాలిన పిదప స్టార్టరు విడివడును, రవ్వలు ఆగును. ఒకవేళ మంట అంటుకొనకున్నచో ఇంధనమును ఆపి, వట్టిగా త్రిప్పి, లోన నిలిచినదానిని వెడలగొట్టిన తరువాతనే మరల వెలిగింతురు. అందరును పరుగిడిన ఆ ఏప్రిల్ దినమున ఒక్కడు నిలిచి నేర్చిన పాఠమే ఇది. దాని ఫలము నేటికిని ప్రతి ప్రయాణికునకు అందుచున్నది.