ఇంజినీరు కట్టిన రెండు భాషల ఊరు

చేతిలో ఇంజినీరింగ్ పట్టా. అయినా ఆయన పేరు నిలిచింది యంత్రాల వల్ల కాదు, ఓ చిన్న ఊరి వల్ల. ఆయనే బ్రూనో హుస్సార్.

1911లో ఈజిప్టులోని కైరోలో పుట్టారు. అమ్మానాన్నలు యూదులే కానీ, ఆచారాలు పాటించేవాళ్లు కాదు. ఫ్రాన్స్ వెళ్లి ఇంజినీరింగ్ చదివారు. అక్కడే క్రైస్తవం తీసుకుని, 1950లో కాథలిక్ ఫాదర్ అయ్యారు. 1953లో యూదు మతంపై అధ్యయన కేంద్రం పెట్టే పని మీద జెరూసలేం చేరారు. 1966లో ఇజ్రాయెల్ పౌరుడయ్యారు.

ఆ దేశ పౌరుల్లో సుమారు అయిదో వంతు అరబ్బులు. వాళ్లలో చాలామంది తమను పాలస్తీనీయులుగానే చెప్పుకొంటారు. యూదుల పిల్లలు హీబ్రూ బడికి, వీళ్ల పిల్లలు అరబిక్ బడికి. కలిసి కూర్చునే చోటే తక్కువ. తెలియనితనం అనుమానమవుతుంది, అనుమానం ద్వేషమవుతుంది. దీనికి ఉపన్యాసాలు చాలవు, కలిసి బతికి చూపించాలి అనుకున్నారు బ్రూనో.

జెరూసలేం, టెల్ అవీవ్‌ల మధ్య లాత్రున్ క్రైస్తవ మఠం నామమాత్రపు కౌలుకు ఓ గుట్ట ఇచ్చింది. నీళ్లు లేవు, కరెంటు లేదు, రోడ్డూ లేదు. ఏళ్ల తరబడి ఒక్క కుటుంబమూ రాలేదు. ఆయన మాత్రం కదల్లేదు. 1970ల చివర్లో తొలి కుటుంబాలు దిగాయి. ఊరి పేరు హీబ్రూలో నెవె షాలోం, అరబిక్‌లో వాహత్ అల్ సలాం. శాంతి ఒయాసిస్సు అని అర్థం. 1979లో ఇరువైపులా యువత ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే శాంతి పాఠశాల, 1984లో రెండు భాషల ప్రాథమిక బడి మొదలయ్యాయి.

ఇక్కడో మలుపు ఉంది. బ్రూనో మొదట ఊహించింది వేర్వేరు మతాలవాళ్లు కలిసి ఉండే చోటు. వచ్చిన కుటుంబాలకు అసలు సమస్య ప్రార్థనలు కాదు.. భాష, గుర్తింపు, సమాన హక్కులు. ఊరు ఆ దారే పట్టింది. ఇళ్లు సగం సగం, బడిలో రెండు వర్గాల టీచర్లు. అయినా పని తేలిక కాలేదు. బయట పెత్తనమంతా హీబ్రూదే కాబట్టి, బడిలో అరబిక్‌కు సమాన చోటు దక్కించడానికి ఇప్పటికీ కష్టపడాల్సిందే.

1996లో బ్రూనో కన్నుమూశారు. 2012లో ఓ రాత్రి ఎవరో వచ్చి ఊళ్లో కార్ల టైర్లు కోసి, అరబ్బులపై విద్వేష రాతలు రాసి పోయారు. అయినా బడి నడుస్తూనే ఉంది.

రేపు మీరు చేరబోయే ఆఫీసులోనూ వేరే భాష, వేరే ప్రాంతం, వేరే కులమతాలవాళ్లు ఉంటారు. అందరం ఒకటే అనడం సులువు. మీటింగ్‌లో ఎవరి భాష నడుస్తోంది, ఎవరు నోరు విప్పలేకపోతున్నారు అని గమనించడం కష్టం. బ్రూనో ఊరు నేర్పేది ఆ కష్టమైన పనే.