రే ఈమ్స్: దాచుకున్న వస్తువుల మధ్య ఒక జీవితం



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మ తన కొడుకు బ్యాగు తెచ్చి నా టేబుల్ మీద బోర్లించారు. నాలుగు గులకరాళ్లు, సోడా సీసా మూతలు, మేకు ఊడిపోయిన బొంగరం, నలిగిపోయిన నెమలి ఈక, ఎవరిదో పెళ్లి కార్డు మీంచి కత్తిరించిన వినాయకుడి బొమ్మ. ఇంట్లో చెత్త పెరిగిపోతోందని, నేనైనా గట్టిగా చెప్పాలని ఆవిడ అడిగారు. తల ఊపాను గానీ, గట్టిగా చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ వారమే ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పడానికి రే ఈమ్స్ జీవితం చదువుతున్నాను. ఆవిడ బ్యాగు బోర్లిస్తే టేబుల్ కాదు, మా స్టాఫ్ రూమ్ మొత్తం సరిపోదు.

రే అనగానే మా పిల్లలు మగాయన అనుకున్నారు. నిజానికి ఆమె అసలు పేరు బెర్నిస్ అలెగ్జాండ్రా కైజర్. ముద్దు పేరే చివరికి అసలు పేరైంది. 1912 డిసెంబర్ 15న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాక్రమెంటో నగరంలో పుట్టారు. తండ్రి నాటకశాల మేనేజరు. పెద్దయ్యాక న్యూయార్క్ వెళ్లి హాన్స్ హాఫ్‌మన్ అనే చిత్రకారుడి దగ్గర పెయింటింగ్ నేర్చుకున్నారు. 1936లో అక్కడ ఏర్పడిన అమెరికన్ అబ్‌స్ట్రాక్ట్ ఆర్టిస్ట్స్ అనే సంఘం వ్యవస్థాపక సభ్యుల్లో ఆమె కూడా ఒకరు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. భర్త పక్కన నిలబడక ముందే ఆమె సొంతంగా ఒక కళాకారిణి.

తల్లి చనిపోయాక, 1940లో మిచిగన్ రాష్ట్రంలోని క్రాన్‌బ్రూక్ ఆర్ట్ అకాడమీకి చేరారు. అక్కడ పాఠాలు చెబుతున్న చార్లెస్ ఈమ్స్, ఆయన మిత్రుడు ఈరో సారినెన్ కలిసి న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం పెట్టిన ఫర్నిచర్ పోటీకి డ్రాయింగులు తయారు చేస్తున్నారు. రే ఆ పనిలో చేయి కలిపారు. బహుమతి అయితే వచ్చింది కానీ, పల్చని చెక్క పొరల్ని అన్ని వైపులా వంచిన ఆ కుర్చీని ఫ్యాక్టరీలో చవగ్గా తయారు చేయడం ఎవరి వల్లా కాలేదు. 1941 జూన్‌లో చార్లెస్, రే పెళ్లి చేసుకుని కారులో లాస్ ఏంజెలెస్ బయల్దేరారు. దారిలో గాలికి దొర్లుకుంటూ పోయే ఒక ఎండు ముళ్లపొదని ఏరుకుని కారులో వేసుకున్నారు. కొత్త కాపురానికి మనవాళ్లైతే పాలు పొంగించే గిన్నె తీసుకెళ్తారు. వాళ్లు ముళ్లపొద తీసుకెళ్లారు.

కరోనా రోజుల్లో డైనింగ్ టేబుల్ మీదే ఆఫీసు, పిల్లల క్లాసులు, కూరగాయలు తరగడం అన్నీ నడిపిన మీకు వాళ్ల మొదటి అపార్ట్‌మెంట్ గురించి ఎక్కువ వివరించక్కర్లేదు. అది అద్దె ఇల్లు. అందులో ఒక బెడ్‌రూమ్‌ని వర్క్‌షాప్ చేసేశారు. జిగురు రాసిన చెక్క పొరల్ని అచ్చులో పెట్టి, సైకిల్ పంపుతో గాలి కొట్టి నొక్కే ఒక యంత్రాన్ని అక్కడే తయారు చేసుకున్నారు. చార్లెస్ పగలు సినిమా స్టూడియోలో సెట్ల విభాగంలో ఉద్యోగం చేసేవారు. రాత్రిళ్లు ఇద్దరూ చెక్క వంచేవారు. రెండో ప్రపంచ యుద్ధం కావడంతో ఆ ప్రయోగం ముందు కుర్చీగా కాదు, కాలికి కట్టే బద్దగా పనికొచ్చింది. అప్పటిదాకా వాడిన లోహపు బద్దలు స్ట్రెచర్ మీద మోస్తున్నప్పుడు అదిరి, గాయపడిన సైనికుడికి మరింత బాధ పెట్టేవి. కాలి ఒంపుకి తగ్గట్టు వంచిన ఈ చెక్క బద్దల్ని అమెరికా నౌకాదళం తీసుకుంది. యుద్ధం ముగిసేసరికి దాదాపు 1,50,000 తయారయ్యాయి. అద్దె ఇంటి బెడ్‌రూమ్‌లో పుట్టిన వస్తువు అది.

యుద్ధం తర్వాత కుర్చీలు వచ్చాయి. 1946లో మోమా మ్యూజియం వాటిని ప్రదర్శనకు పెట్టింది. ప్రదర్శన పేరులో చార్లెస్ ఈమ్స్ ఒక్కరే ఉన్నారు. రే లేరు. 1956లో వాళ్ల ప్రసిద్ధ లాంజ్ కుర్చీని టీవీలో పరిచయం చేసినప్పుడు కూడా యాంకరమ్మ ఆమెని విజయవంతమైన భర్త వెనుక ఉన్న భార్యగానే పరిచయం చేసింది. చార్లెస్ మాత్రం పనిలో రే సమాన భాగస్వామి అని ఎప్పుడూ చెప్పేవారు. అయినా పత్రికలు వినిపించుకోలేదు. ఈ భాగం క్లాసులో చెప్పినప్పుడు వెనక బెంచీ అమ్మాయి ఒకరు, గ్రూప్ ప్రాజెక్టులో తనకీ ఇలాగే జరిగిందని లేచి చెప్పింది. ఆ ప్రాజెక్టుకి మార్కులు వేసింది నేనే. ఆ మాట ఇంకా నన్ను వదల్లేదు.

ఇక అసలు ఇంటి సంగతి. తక్కువ ఖర్చుతో ఆధునిక ఇళ్లు ఎలా కట్టొచ్చో చూపించడానికి ఒక పత్రిక 1945లో వరుసగా నమూనా ఇళ్ల పథకం మొదలుపెట్టింది. అందులో ఎనిమిదో ఇల్లు చార్లెస్, రే దంపతులది. పసిఫిక్ మహాసముద్రం కనిపించే గుట్ట, పచ్చిక మైదానం, యూకలిప్టస్ చెట్ల వరుస. మొదటి ప్లాను ప్రకారం ఇల్లు మైదానం మీదుగా వంతెనలా రావాలి. యుద్ధం వల్ల ఉక్కు రావడం ఆలస్యమైంది. ఆ ఖాళీలో వాళ్లిద్దరూ తరచూ అక్కడికి వెళ్లి చెట్ల కింద కూర్చుని, తినొచ్చేవారు. అలా కూర్చుని కూర్చుని ఆ మైదానం మీద మనసు పడ్డారు. దాన్ని పాడు చేయకూడదని, దాదాపు అదే ఉక్కుతో, ఇంటిని గుట్ట పక్కకి జరిపి మళ్లీ గీశారు. ఉక్కు చట్రం ఒకటిన్నర రోజులో నిలబడింది. 1949 క్రిస్మస్ ముందు రోజు గృహప్రవేశం.

అవి రెండు పెట్టెలు. ఒకటి 1,500 చదరపు అడుగుల ఇల్లు, ఇంకొకటి 1,000 చదరపు అడుగుల స్టూడియో. మధ్యలో ఖాళీ వాకిలి. వంటింట్లోంచి నాలుగు అడుగులు వేస్తే ఆఫీసు. దగ్గర్లో వెనిస్ అనే చోట పెద్ద వర్క్‌షాప్ వేరే ఉన్నా, తొలి ఏళ్లలో చాలా పని, ముఖ్యంగా సినిమాలు, ఫొటోల పని ఈ ఇంటి స్టూడియోలోనే జరిగింది.

బయట నుంచి చూస్తే ఫ్యాక్టరీలా గాజు, ఉక్కు. లోపలికి వస్తే అమ్మమ్మగారి ఇల్లు! 17 అడుగుల ఎత్తున్న హాల్లో, ఏ దేశం నుంచి వచ్చిందో తెలియనన్ని వస్తువులు. గవ్వలు, గులకరాళ్లు, సముద్రం ఒడ్డుకు కొట్టిన చెక్కలు, దువ్వెనలు, కొవ్వొత్తులు, అమెరికా ఆదివాసీల బొమ్మలు, మెక్సికో మట్టి బొమ్మలు, మన దేశపు ఎంబ్రాయిడరీ గుడ్డలు, ఒక నల్లని కొయ్య పక్షి. గురువు హాఫ్‌మన్ వేసిన పెయింటింగ్‌ని రే గోడకి కాదు, పైకప్పుకి వేలాడదీశారు. పెళ్లినాటి ముళ్లపొద కూడా అక్కడే వేలాడింది.

వీటిని సర్దడం రే పని. ఒక గవ్వ ఏ రాయి పక్కన ఉండాలో, ఏ పళ్లెంలో ఎన్ని పూసలు పోయాలో ఆమెకి ఒక లెక్క ఉండేది. ఇది కేవలం ఇంటి అలంకారం అనుకుంటే పొరపాటు. ఆ వస్తువులే వాళ్ల పనికి ముడిసరుకు. 1952లో వాళ్లు పిల్లల కోసం తయారు చేసిన పేకముక్కల్లాంటి 54 కార్డుల మీద ఇలా పోగేసిన వస్తువుల ఫొటోలే అచ్చయ్యాయి. ఒక్కో కార్డుకి ఆరు గాట్లు ఉంటాయి. ఒకదాంట్లో ఒకటి దూర్చి మేడలు కట్టుకోవచ్చు. ఆట రైళ్లతో 1957లో ఒక సినిమా తీశారు. 1969లో ప్రపంచం నలుమూలల బొంగరాలతో ఏడు నిమిషాల సినిమా తీశారు. అందులో మాటలు లేవు. చుట్టడం, విసరడం, తిరగడం, పడిపోవడం, అంతే. మా క్లాసులో వేసి చూపించాను. స్క్రీన్ ముందు మా పిల్లలు అంత నిశ్శబ్దంగా ఉండటం నేను అదే మొదటిసారి చూడటం.

మన దేశంతో వాళ్ల బంధం గుడ్డలతో ఆగలేదు. 1958లో భారత ప్రభుత్వం పిలుపు మీద ఇద్దరూ దేశమంతా తిరిగారు. ఆ ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదికలో వాళ్లు ఎంతో మెచ్చుకున్న వస్తువు తాజ్‌మహల్ లాంటిది కాదు, మన చెంబు. ఎంత నీరు పట్టాలి, నడుము మీద ఎలా ఆనాలి, వంచితే ధార ఎలా పడాలి, లోపల చెయ్యి పెట్టి తోమడానికి వీలుందా అని ఆలోచించి, తరతరాల చేతులు దానికి ఆ రూపం ఇచ్చాయని వాళ్లు గమనించారు. ఆ నివేదిక ఆధారంగా 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ మొదలైంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక ఎన్ఐడీ ఉంది. ఇంటర్ తర్వాత ఇంజనీరింగ్, మెడిసిన్ తప్ప దారి లేదనుకునే ఇళ్లలో ఈ పేరు ఒకసారి వినిపిస్తే బాగుండునని నా ఆశ.

1978 ఆగస్టు 21న చార్లెస్ చనిపోయారు. మరుసటి ఏడాది బ్రిటన్ వాళ్ల రాయల్ గోల్డ్ మెడల్ ఇద్దరి పేరుతో ఉన్న ఆఫీసుకి వచ్చింది. అందుకోవడానికి రే ఒక్కరే మిగిలారు. ఆమెకి అప్పటికి 65 దాటాయి. సొంత పిల్లలు లేరు, చార్లెస్ మొదటి పెళ్లి కూతురు లూసియా ఉన్నారు. ఇంటి నిండా, ఆఫీసు నిండా నాలుగు దశాబ్దాల వస్తువులు, లక్షల్లో ఫొటోలు, కాగితాలు. చిన్న చిన్న చీటీల మీద రాసిన మాటలు కూడా రే పారేసేవారు కాదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను బీఎడ్‌లో ఉండగా మేం అద్దె ఇల్లు మారాం. ఆ హడావుడిలో చిన్నప్పటి నుంచి నేను దాచుకున్న బిస్కెట్ల డబ్బా పాత సామాన్లలో పోయింది. బస్సు టికెట్లు, స్నేహితుల చీటీలు, తాతయ్య పెన్ను క్యాప్. ఎవరి తప్పూ కాదు. దాంట్లో ఏముందో నాకు తప్ప ఎవరికీ తెలియదు, నేను ఎవరికీ చెప్పలేదు.

రే చెప్పారు. చివరి పదేళ్లూ ఆమె చేసిన పెద్ద పని అదే. ఏ ఫొటో ఏ ఏడాదిది, ఏ వస్తువు ఏ పనికి పుట్టింది అని గుర్తు చేసుకుంటూ, సహచరులతో కూర్చుని రాయించారు. వాళ్ల పని మొత్తాన్ని వరుసగా చెప్పే పెద్ద పుస్తకం తయారైంది. ఆఫీసు కాగితాలు, ఫొటోలు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి చేరాయి. పుస్తకం 1989లో అచ్చయింది. రే దాన్ని చూడలేదు. 1988 ఆగస్టు 21న, చార్లెస్ పోయిన సరిగ్గా పదేళ్లకి, అదే తేదీన ఆమె కన్ను మూశారు.

ఇల్లు లూసియాకి వచ్చింది. ఆమె, ఆమె పిల్లలు దాన్ని రే వదిలి వెళ్లినట్టే ఉంచాలని నిర్ణయించారు. 2011లో నేల పలకలు మార్చాల్సి వచ్చినప్పుడు, హాల్లోని వస్తువుల్ని ఒక్కొక్కటీ ఫొటో తీసి, లాస్ ఏంజెలెస్ మ్యూజియంకి తీసుకెళ్లి, అక్కడ అదే వరుసలో పెట్టి చూపించి, మళ్లీ తెచ్చి ఎక్కడివక్కడ పెట్టారు. 2025 జనవరిలో ఆ కొండల్లో కార్చిచ్చు రేగి చుట్టుపక్కల వేల ఇళ్లు కాలిపోయాయి. ఈ ఇల్లు నిలిచింది, కానీ లోపలికి పొగ చేరింది. నెలల తరబడి శుభ్రం చేసి, ఆ వేసవిలోనే మళ్లీ తలుపులు తెరిచారు.